ముక్కుసూటి, కాలిసూటి

ఆళ్ళగడ్డలో మా ఇంటి వసారా మూలన, చీపురుకట్టకూ గొడుగుకూ మధ్యన ఇప్పుడొక గోల్ఫ్ కర్ర ఉంది. వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. "ఏంది సార్, ఈ వయసులో ఈ ఆట?" అని అడిగేవాళ్ళు కొందరు, అడక్కుండా నవ్వుకునేవాళ్ళు కొందరు. కేసీ కాలువలో ఈ ఏడు నీళ్ళొస్తాయా రావా అని ఎదురుచూసే ఊళ్ళో, అహోబిలం కొండలకు పాతిక కిలోమీటర్ల దూరంలో, పచ్చిక మీద ఆడే ఆటకు పనేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ఆట నాకు రాలేదు. వచ్చింది నిలబడటం. అదీ సగమే.

రెండేళ్ళ కిందట టెక్సాస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాం. వాళ్ళది ఫ్రిస్కో. పొద్దున నడకకు బయల్దేరితే వీధి మలుపు తిరిగేలోపే తెలుగు వినబడే ఊరు. అమెరికాలో గోల్ఫ్ నేర్పేవాళ్ళ సంఘం, పీజీఏ ఆఫ్ అమెరికా, 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఆ ఊరికే మార్చుకుంది. అందుకేనేమో, ఆదివారం పూట బంతులు కొట్టడానికి పోవడం మనవాళ్ళకూ అలవాటైంది. ఒకరోజు మావాడు నన్నూ లాక్కెళ్ళాడు.

నేర్పేది ఒక పెద్దాయన. నూట యాభై గజాల దూరాన ఉన్న పసుపు జెండా చూపించి, దానికి గురిపెట్టి నిలబడమన్నాడు. నిలబడ్డాను. కొట్టనివ్వలేదు. నా బూట్ల మొనలకు ఆనించి నేలమీద సన్నటి కర్ర ఒకటి పెట్టాడు. నన్ను పక్కకు తప్పుకొని, వెనకనుంచి చూడమన్నాడు. కర్ర జెండా వైపు లేదు. బాగా కుడిగా, చెట్ల గుంపు వైపు ఉంది.

"కర్ర కదిలింది" అన్నాను.

"కదల్లేదు నాన్నా. మీరు నిలబడిందే అట్లా" అన్నాడు మావాడు.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకొని నిలబడ్డాను. మళ్ళీ చెట్లే. నాలుగోసారికి ఆయనే నా భుజాలు పట్టుకొని, కాలు జరిపి, సరిచేశాడు. అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పాలి. నన్ను జెండాకు దూరంగా ఎడమకు తిప్పేశాడనిపించింది. సరిగ్గా నిలబడితే వంకరగా ఉన్నట్టుంది. వంకరగా నిలబడ్డంతసేపూ హాయిగా ఉండింది.

దీనికి కారణం ఆటలోనే ఉంది, విలువిద్యతో పోలిస్తే తెలుస్తుంది. సంక్రాంతి మర్నాడు అహోబిలంలో పారువేట మొదలైనప్పుడు చెంచులు నరసింహస్వామి పల్లకి వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మి వాళ్ళింటి ఆడపిల్ల, ఆమెను చేసుకున్నవాడి మీద ఆమాత్రం చనువుండదా! ఆ విల్లు పట్టినవాణ్ణి గమనించండి. ఒళ్ళు పక్కకు తిరిగి ఉన్నా, నారి లాగి బాణం చెంప దగ్గరికి తెచ్చుకున్నాక కన్ను, బాణం, గురి ఒకే గీతమీదికి వస్తాయి. గోల్ఫ్‌లో ఆ వసతి లేదు. బంతి వెళ్ళే దారి ఒకటి, దానికి పక్కన రైలుపట్టాల్లో రెండో పట్టాలాగా మన కాళ్ళ దారి ఇంకొకటి. మనం ఎప్పుడూ రెండో పట్టా మీదనే ఉండి మొదటి పట్టాను ఓరగా చూస్తుంటాం. పాదాలు జెండా వైపే పోవాలని మనసు లాగుతుంది. అట్లా పోనిస్తే గీత కుడికి జారిపోతుంది. పాదాలు, తుంటి, భుజాలు జెండాకు కొంచెం ఎడమగా, బంతి దారికి సమాంతరంగా ఉంటేనే సరి. ఐదు డిగ్రీలు తేడా వస్తే నూట యాభై గజాల దగ్గరికి వెళ్ళేసరికి పదమూడు గజాలు పక్కకు పోతుంది. ఐదు డిగ్రీలంటే కాలి మొన ఒకట్రెండు అంగుళాలు వెనక్కో ముందుకో ఉండటమే.

అసలు చిక్కు తర్వాత ఉంది. తప్పుగా నిలబడ్డవాడు ప్రతిసారీ తప్పుగా కొట్టడు. బంతి చెట్లలోకి పోతోందని ఒళ్ళు కనిపెడుతుంది. కొట్టే క్షణంలో మణికట్టు తిప్పి, భుజం లాగి, బంతిని జెండా వైపు ఈడ్చుకొస్తుంది. పదిలో నాలుగు సార్లు ఫలిస్తుంది కూడా. ఆ నాలుగే మనిషిని పాడుచేస్తాయి. కాలు చేసిన తప్పును చేయి దిద్దుతుంది కాబట్టి కాలి తప్పు ఎన్నడూ బయటపడదు. చేయి మాత్రం జన్మంతా చాకిరీ చేస్తూనే ఉంటుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గోల్ఫ్ గురించి కాదు. ముప్ఫై రెండేళ్ళు నేను పనిచేసిన ఆఫీసులో నాకున్న పేరు "ముక్కుసూటి మనిషి". ఆ మాట విన్నప్పుడల్లా లోపల పొంగిపోయేవాణ్ణి. ఏదున్నా మొహంమీదే చెప్తాను, మనసులో పెట్టుకోను అని నేనే నలుగురితో అనేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మీ ముక్కుసూటితనమంతా అటెండర్ల మీదేనా, ఎప్పుడన్నా మేనేజరు గది దాకా పోతుందా?" అంది. కోపం వచ్చింది. ఆమెకు ఆఫీసు సంగతులేం తెలుసు అనుకున్నాను. నా పాదాల కింద ఆమె పెట్టిన కర్ర అదేనని అర్థం కావడానికి ఫ్రిస్కో దాకా పోవలసొచ్చింది. ముక్కు సూటిగానే ఉంది, కాదనను. కాళ్ళు మాత్రం ఎప్పుడూ నాకంటే కింది ఉద్యోగి వైపే తిరిగి ఉన్నాయి.

చేతుల దిద్దుబాటూ ఉంది. పొద్దున కసురుకున్నవాడికి సాయంత్రం టీ ఇప్పించేవాణ్ణి. సెలవు చీటీ మారుమాట లేకుండా సంతకం చేసేవాణ్ణి. "సార్ నోరు కారం, మనసు వెన్న" అనేవాళ్ళు. పదిలో నాలుగు సార్లు బంతి జెండా దగ్గరికే పోయింది. మిగతా ఆరుగురు ఏమనుకున్నారో అడిగే ధైర్యం అప్పుడు లేదు. ఇప్పుడు అడుగుదామంటే వాళ్ళెక్కడున్నారో.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నేనూ కొన్ని చదివాను. చాలావాటిలో చేతులకే పాఠాలు. ఎట్లా మాట్లాడాలి, ఎట్లా చేయి కలపాలి, ఎట్లా ఒప్పించాలి. 1957లో ఆటగాడు బెన్ హోగన్ రాసిన గోల్ఫ్ పుస్తకంలో ఐదు పాఠాలున్నాయి. మొదటిది పట్టు, రెండోది నిలుపు. కర్ర వెనక్కి లేవడం మూడో పాఠంలో గానీ మొదలు కాదు. ఆ వరస నాకు నచ్చింది. మన పెద్దలదీ అదే వరస. అమరకోశం విలుకాడి నిలుపులు ఐదని లెక్కపెట్టింది. అగ్నిపురాణంలో ధనుర్వేదం చెప్పిన చోట వైశాఖమనే నిలుపుకు పాదాల మధ్య మూడు జేనల ఎడం ఉండాలని కొలతతో సహా ఉంది. బాణం సంగతి ఆ తర్వాత.

సరే, నిలబడటమెట్లాగో చెప్పకుండా నిలబడమని చెప్పడం న్యాయం కాదు. నాకు నేర్పినట్టే చెప్తాను, కుడిచేతివాటం వాళ్ళకు. మోకాళ్ళు బిగించొద్దు, కుర్చీలో కూర్చోబోయినట్టు మడవనూ వద్దు, బిగువు వదిలితే చాలు. వంగడం నడుములోంచి కాదు, తుంటి దగ్గర. వీపు గూనిపోగూడదు. చేతులు భుజాలనుంచి తాడులాగా వేలాడాలి. బరువు మునివేళ్ళ మీదా కాదు, మడమల మీదా కాదు, పాదం మధ్యన. ఎవరైనా ఛాతీమీద వేలుపెట్టి నెట్టినా తూలకుండా ఉంటే సరిపోయింది.

బంతి ఎక్కడుండాలన్నదానికి ఒక చిట్కా ఉంది. రెండు పాదాలూ దగ్గరకు చేర్చి, బంతి వాటికి సరిగ్గా నడుమ ఉండేట్టు నిలబడాలి. చిన్న దూరానికి వాడే కర్రయితే రెండు కాళ్ళూ చెరో చిన్న అడుగు పక్కకు. బంతి నడుమనే ఉండిపోతుంది. మధ్యరకం కర్రయితే ఎడమకాలు కొంచెం తక్కువ, కుడికాలు కొంచెం ఎక్కువ. అన్నిటికంటే పొడుగుదైన డ్రైవర్ అయితే ఎడమకాలు కదిలీ కదలనట్టు, కుడికాలు మాత్రం పెద్దడుగు. అప్పుడు బంతి ఎడమ మడమకు ఎదురుగా వస్తుంది. ఎందుకిట్లా అంటే, నేలమీది బంతికి కర్ర కిందికి దిగుతూ తగలాలి. డ్రైవర్‌తో కొట్టేటప్పుడు బంతి చిన్న పుల్లమీద ఎత్తులో ఉంటుంది, కర్ర అడుగుదాకా దిగి మళ్ళీ పైకి లేస్తూ తగలాలి. అందుకే కాస్త ముందుకు.

బిళ్ళంగోడు ఆడినవాడికి ఇది కొత్తేం కాదు. చిల్లాకట్టె అనండి, గోటీబిళ్ళ అనండి, ఊరికో పేరు. గుంతమీద బిళ్ళను అడ్డంగా పెట్టి లేపేవాడు కాలు ఎక్కడ వేస్తాడన్నదే ఆట. గుంతకు మరీ దగ్గరకొస్తే బిళ్ళ మూతికి తగుల్తుంది. నా కింది పెదవిమీద మచ్చ దాని గుర్తే.

కర్ర మారితే నిలుపు మారాలన్నది నాకు మొదట్లో రుచించలేదు. మనిషికి నిలకడ కావాలంటారు, పూటకో తీరు నిలబడితే నిలకడేమిటి? తిరిగొచ్చాక ఎగువ అహోబిలం ఎక్కుతున్నప్పుడు దానికి జవాబు దొరికింది. అక్కడ నల్లమలలోని తొమ్మిది గుళ్ళలోనూ ఉన్నది ఒకే నరసింహుడు. జ్వాల గుళ్ళో హిరణ్యకశిపుణ్ణి ఒడిలో అదిమిపెట్టి ఉంటాడు. మాలోలుడై అమ్మవారితో ప్రసన్నంగా కూర్చుంటాడు. కారంజలో చేత విల్లు. యోగానందుడిగా కాళ్ళు మడిచి యోగంలో ఉంటాడు. పనిబట్టి ఆసనం. ఒడిలో రాక్షసుణ్ణి పెట్టుకొని యోగముద్ర పట్టడు, ప్రహ్లాదుడికి యోగం చెప్పేటప్పుడు గోళ్ళు తీయడు. నేనేమో పిల్లవాడి మార్కుల చీటీ చూసినా, కరెంటు బిల్లు చూసినా, తమ్ముడితో గట్టు తగాదా వచ్చినా, అన్నిటికీ డ్రైవర్ పట్టినట్టే నిలబడ్డాను.

ఇంతవరకూ చదివి, సరైన నిలుపు అంటే ఫొటోలో ఉన్నట్టు నిటారుగా ఉండటమేనని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగలను చూడాలి. హైదరాబాదునుంచి వెళ్ళిన తెలుగు దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టినవాడు. అతనికి స్కోలియోసిస్, అంటే వెన్నెముకే పక్కకు వంగి ఉంది. కర్ర తిప్పేటప్పుడు ఒళ్ళు ఒకవైపుకు ఒరిగిపోతుంది. పుస్తకంలో బొమ్మ పక్కన పెడితే కలవదు. ఆ వంకరను తీసేసి ఎవరి బొమ్మలాగానో నిలబడాలని పూనుకొని ఉంటే ఏమయ్యేవాడో ఊహించుకోవచ్చు. తన వెన్ను ఎంత వంగిందో తెలిసినవాడిగా ఆడాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అతని మొదటి విజయం అదే.

నాకు అంతకంటే ఇష్టమైన సంగతి మరుసటేడు అట్లాంటాలో జరిగింది. టూర్ ఛాంపియన్‌షిప్ మూడోరోజు. ఇసుక గుంతలోంచి కొట్టేటప్పుడు కర్ర వెనక్కి లేస్తూ ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. తాకకూడదు, నియమం. ఎత్తిచూపిన వాళ్ళెవరూ లేరు. తనే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు. ఆ పోటీలో మూడోస్థానంలో నిలిచాడు. వెన్ను వంకర, గీత సూటి.

ఆళ్ళగడ్డ శిల్పులకు ఈ లెక్క బాగా తెలుసు. మా వీధి చివర కొట్టుముందు ఎప్పుడూ ఒకటో రెండో విగ్రహాలు నిలబడి ఉంటాయి, ఉలి దెబ్బల చప్పుడు మధ్యాహ్నం కునుకులో కూడా వినబడుతుంది. నడినెత్తినుంచి పాదాల మధ్యకు దిగే గీతను వాళ్ళు బ్రహ్మసూత్రమంటారు. సమభంగంలో బరువు రెండు కాళ్ళమీదా సమంగా ఉంటుంది. త్రిభంగంలో తల ఒకవైపు, నడుము ఒకవైపు, మోకాలు ఒకవైపు వంగుతాయి. ఒంపులెన్ని ఉన్నా వాటిని కొలిచేది ఆ తిన్నని గీతతోనే. ముప్ఫై ఏళ్ళు చెక్కిన చేయి కూడా కంటిని నమ్మి ఊరుకోదు. దారానికి గుండు కట్టి వేలాడదీసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తుంది.

నాకు దారం లేదు, గుండు లేదు. కాలి మొనలకు ఆనించి పెట్టుకోవడానికి చీపురుపుల్లలు ఉన్నాయి. సాయంత్రం ఎండ తగ్గాక ఇంటి వెనక ఖాళీ కళ్ళంలోకి గోల్ఫ్ కర్ర తీసుకొని పోతాను. గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ అలవాటొకటి మావాడు చెప్పాడు. ఆయన దూరపు గురినిబట్టి కాళ్ళు సర్దుకునేవాడు కాదట. బంతి వెనక నిలబడి, బంతికి రెండు మూడడుగుల ముందు అదే గీతమీద ఒక గడ్డిపోచనో మచ్చనో ఎంచుకొని, దాన్నిబట్టి సర్దుకునేవాడు. నేను ఒక చింతగింజ పెట్టుకుంటాను.

నిన్న పక్కింటి పిల్ల, నాలుగో తరగతిది, గోడమీదినుంచి చూస్తోంది. దిగొచ్చి నా వెనక నిలబడమన్నాను. దూరంగా గట్టుమీది బండ చూపించి, దానికి గురిపెట్టి, ఒళ్ళంతా సర్దుకొని నిలబడ్డాను.

"సూటిగా ఉండానా పాపా?"

తల అటూ ఇటూ వంచి చూసింది. "నువ్వు బండ దిక్కు చూస్తాండావు తాతా. కాళ్ళు మాత్రం రెడ్డిగారి బర్రె దిక్కుండాయి."

ఎడమకాలు కొంచెం వెనక్కి జరిపాను. వంకరగా ఉన్నట్టనిపించింది.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."