వైండింగ్ షాపు నుంచి డ్రోన్ ఫ్యాక్టరీకి

"సార్, డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే మిలిటరీల తీసుకుంటరా?"

దేవరకొండలో బోరు మోటార్లు చుట్టే ఒక షాపులో, ఓనరు కొడుకు అడిగాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాడు. నల్గొండ నుంచి పాలమూరు దాకా ఏ కాలేజీకి వెళ్లినా ఈ మధ్య ఇదే ప్రశ్న. తీసుకోరు. సైన్యంలో డ్రోన్లు నడిపేది సైనికులే. అగ్నివీర్‌గానో అధికారిగానో చేరాక ఆ విద్య సైన్యమే నేర్పుతుంది. డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో, ఉదాహరణకు బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీలో తీసుకునే సర్టిఫికెట్ చేలల్లో మందు కొట్టడానికి, భూముల సర్వేకు పనికొస్తుంది. 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసైతే చాలు, పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు లేకున్నా పర్వాలేదని 2023లో నిబంధన సడలించారు. మంచి కోర్సే. కానీ దాన్ని చూపించి 'మిలిటరీ జాబ్ గ్యారంటీ' అని ఎవరైనా ఫీజు కట్టమంటే ఆ మెట్లు దిగి వచ్చేయండి.

మరి కొలువులు ఎక్కడున్నాయో తెలియాలంటే యుద్ధంలో ఖర్చు లెక్క చూడాలి. ఇరాన్ తయారుచేసిన షాహెద్-136 డ్రోను ధర 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. మన డబ్బుల్లో సుమారు పద్దెనిమిది లక్షల నుంచి నలభై అయిదు లక్షలు. దాన్ని కూల్చే పేట్రియాట్ క్షిపణి ఒక్కటి 30 కోట్ల రూపాయల పైమాటే. ఉక్రెయిన్ సైనికులు కళ్లద్దాలు పెట్టుకుని నడిపే చిన్న డ్రోన్లయితే సుమారు 500 డాలర్లు, అంటే ఒక మంచి ఫోను ధర. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటుంటాం కదా, ఇప్పుడు దేశాలకు నిజంగానే ఆ చిక్కు వచ్చిపడింది. పిచ్చుకలు వందల్లో వస్తే బ్రహ్మాస్త్రాలు చాలవు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో మనకూ ఇది అనుభవమైంది. మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వదిలిందని మన ప్రభుత్వం ప్రకటించింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ ప్రయోగశాల రూపొందించి, బీడీఎల్ కంపెనీ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు ఆ రోజుల్లో పనిచేశాయి. వాటితో పాటు దశాబ్దాల నాటి ఎల్-70 ఫిరంగులూ బాగా పనికొచ్చాయి. కారణం మళ్లీ ఖర్చే. చౌకగా వచ్చినదాన్ని చౌకగానే కూల్చాలి. అదే ఏడాది ఏప్రిల్ 13న, ఆలంపూర్ దాటగానే వచ్చే కర్నూలు జిల్లాలో, హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీఓ ప్రయోగశాల 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోనును కూల్చి చూపించింది. కొన్ని సెకన్లు కాలిస్తే అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలంత అని డీఆర్‌డీఓ లెక్క.

ఖరీదైన డ్రోన్లు లేవని కాదు. 2024 అక్టోబరులో అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బీలకు కుదిరిన ఒప్పందం విలువ దాదాపు 32 వేల కోట్లు. ఆయుధాలు, మరమ్మతులు కలుపుకొని ఒక్కోటి వెయ్యి కోట్లన్నమాట. వాటిలో మన పిల్లలకు దొరికే పని కొంతే. చౌకగా, వేలల్లో తయారయ్యే వాటిలోనే చేతులు ఎక్కువ కావాలి. 2025 ఫిబ్రవరిలో చైనా విడిభాగాల అనుమానంతో 400 డ్రోన్ల కాంట్రాక్టులను సైన్యం రద్దు చేసింది. మోటారు, బ్యాటరీ ప్యాక్, స్పీడ్ కంట్రోలర్, రేడియో ఇవన్నీ ఇక్కడే తయారు కావాలి. నా దృష్టిలో అవకాశమంతా ఇక్కడే ఉంది.

ఇక ఈ ఫ్యాక్టరీలు దూరమంటారా, మన ఊళ్ల నుంచి పట్నం పోయే బస్సు రూట్లలోనే ఉన్నాయి. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక ఆదిభట్ల ఏరోస్పేస్ పార్కు. కల్వకుర్తి నుంచి వచ్చే శ్రీశైలం రోడ్డులో తుక్కుగూడ వైపు హార్డ్‌వేర్ పార్కు. నౌకాదళానికి 2024 జనవరిలో అప్పగించిన దృష్టి-10 డ్రోను హైదరాబాద్‌లో అదానీ సంస్థ తయారుచేసిందే. డ్రోన్లను అడ్డుకునే పరికరాలు చేసే జెన్ టెక్నాలజీస్ కూడా హైదరాబాద్‌దే. కెమిస్ట్రీ చదివినవాళ్లకు యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరులో క్షిపణుల ఘన ఇంధనం చేసే ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ ఉంది. పేలుడు పదార్థాల పని ఎక్కడైనా ప్రమాదంతో కూడిందే. చేరేముందు శిక్షణ, బీమా సంగతి అడగడానికి మొహమాటపడొద్దు.

ఐటీఐ ఎలక్ట్రానిక్స్, ఫిట్టర్, మెషినిస్టు చేసినవాళ్లు బీడీఎల్, ఈసీఐఎల్, బీఈఎల్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు వదలొద్దు. స్టైపెండ్ తక్కువే, నిజమే. అక్కడ చేయి తిరిగితే బయట విలువ పెరుగుతుంది. డిప్లొమా వాళ్లకు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎలాగూ ఉంది. ఈసీఈ వాళ్లు ఆర్డుపైలట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను లాప్‌టాప్‌లో వేసుకుని, డ్రోను కొనకుండానే తెర మీద ఎగరేసి చూడొచ్చు. ఆయుధాల పని మనసుకు నచ్చనివాళ్లూ ఉంటారు. తప్పేం లేదు, ఇదే విద్య మందు కొట్టే డ్రోనుకూ పనికొస్తుంది.

ఆ రోజు నా సంచిలో పాడైన చిన్న డ్రోను మోటారు ఒకటుంటే విప్పి బల్ల మీద పెట్టాను. లోపల పన్నెండు పళ్లు, వాటికి రాగి తీగ, చుట్టూ అయస్కాంతాలు, బయటికి మూడు తీగలు. ఓనరు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఇది గూడ త్రీఫేజే గద సారూ! గింత చిన్నగున్నది, అంతే."

మోటారు అక్కడే వదిలేసి వచ్చాను. వారానికి కొడుకు ఫోన్ చేశాడు. పాత తీగ పీకి కొత్తది చుట్టారట. తిరుగుతున్నది గానీ తొందరగా వేడెక్కుతున్నదట. పాత తీగ పారేయలేదు కదా అని అడిగాను. లేదన్నాడు. అయితే దాని గేజి కొలిచి, చుట్లు లెక్కపెట్టి మళ్లీ ఫోన్ చేయమన్నాను.