మేడ మీద బీరపాదు: ఇంటి దగ్గర పిల్లలకు మొక్కల పాఠం

కొన్నేళ్ల క్రితం ఏడో తరగతిలో పువ్వు భాగాల పాఠం చెబుతున్నాను. రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం... అన్నీ నల్లబల్ల మీద రంగు సుద్దలతో గీశాను. చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి లేచాడు. “మేడమ్, మా మేడ మీద బీరపాదుకు పూలు బోలెడు పూస్తున్నాయి. ఒక్క కాయా నిలవడం లేదు. పిందెలు పచ్చబడి రాలిపోతున్నాయి. అమ్మీ పాదు పీకేస్తానంటోంది. ఎందుకు మేడమ్ అలా?” అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. పరాగ సంపర్కం అనే మాటను అప్పటికి ఎన్ని వందల మంది పిల్లల చేత రాయించి ఉంటానో! కానీ ఒక్క బీరపువ్వును కూడా దగ్గరగా చూడలేదు. ఆ సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత వాళ్లింటికి వెళ్లాను.

బీరపూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి. గుత్తులుగా పూసేవి మగపూలు. ఒంటరిగా, కింద చిన్న పిందెతో ఉండేది ఆడపువ్వు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వును చేరితేనే పిందె కాయ అవుతుంది. ఆ పని పురుగులు చేయాలి. మూడంతస్తుల మేడ మీద, చుట్టూ మరో మొక్క లేని చోటికి అవి సరిగా రావడం లేదు. మేము ఒక మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా తాకించాం. అలా మూడు పూలకు చేసి, గుర్తుగా దారం కట్టాం. వాటిలో రెండు నిలిచాయి. పది పన్నెండు రోజులకు కోతకు వచ్చాయి. పాదు బతికింది. నా పాఠం చెప్పే తీరు కూడా ఆ రోజుతో మారింది.

చూడమన్న ఆజ్ఞ

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 99వ ఆయత్‌లో అల్లాహ్ వర్షం గురించి, మొలకల గురించి, ఖర్జూర గెలల గురించి, ద్రాక్ష, జైతూన్, దానిమ్మ తోటల గురించి చెప్పి, అవి కాసేటప్పుడూ పండేటప్పుడూ వాటిని గమనించమని మనల్ని ఆదేశించాడు. గమనించాలంటే రోజులు కావాలి. నలభై ఐదు నిమిషాల పీరియడులో విత్తనం మొలవదు, పువ్వు కాయ కాదు. అందుకే ఈ పాఠం బడిలో పూర్తి కాదు. దీనికి అసలు బడి ఇల్లే, అసలు ఉపాధ్యాయులు అమ్మానాన్నలే. పెద్ద పెరడు అవసరం లేదు. గోడ పక్కన ఎండ పడే జానెడు చోటు చాలు.

మొదటి పాఠం: గాజు గ్లాసు

గాజు గ్లాసు లోపల తడి కాగితం చుట్టి, కాగితానికీ గాజుకూ మధ్య నాలుగు బొబ్బర్లు లేదా చిక్కుడు గింజలు పెట్టండి. రోజూ కాగితం తడిపితే రెండు మూడు రోజుల్లో వేరు బయటికి వస్తుంది. అప్పుడు గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. మర్నాటికో ఆ తర్వాతో వేరు వంగి మళ్లీ కిందికి తిరుగుతుంది. “దీనికి కింద ఎటో ఎవరు చెప్పారు?” అని పిల్లల్ని అడగండి. జవాబు మీరు తొందరపడి చెప్పకండి.

రెండో పాఠం: కూరల సంచి

బజారు నుంచి తెచ్చిన సంచిని చాప మీద పోయించండి. ఏది మొక్కలో ఏ భాగమో పిల్లలే వేరు చేయాలి. ముల్లంగి, క్యారెట్ వేర్లు. బంగాళాదుంప నేలలో పెరిగినా కాండమే. దాని కళ్ల నుంచి మొలకలు రావడమే రుజువు. ఉల్లిపాయలో మనం తినేవి ఆకుల పొరలు. కాలీఫ్లవర్ పూమొగ్గల గుత్తి. టమాటా, వంకాయ, బెండకాయ కూరల్లో వేసుకున్నా, లోపల గింజలున్నాయి కనుక శాస్త్రం ప్రకారం ఫలాలే. వేరుశనగ కథ పిల్లలకు మరీ ఇష్టం. పువ్వు నేల పైన పూస్తుంది, దాని ఊడ మట్టిలోకి దిగుతుంది, కాయ చీకట్లో ఊరుతుంది.

మూడో పాఠం: తన కుండీ

పాత రంగు డబ్బా అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం కొబ్బరి పొట్టు కలిపి నింపండి. చిన్నపిల్లలకు మెంతులు మంచివి. రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నెల లోపే కూరకు వస్తాయి. పెద్దపిల్లలకు బెండ ఇవ్వండి. సుమారు నలభై ఐదు రోజులకు పూస్తుంది, పువ్వు పూసిన వారానికి లేతకాయ కోయవచ్చు. వుజూ చేసిన నీళ్లు పళ్లెంలో పట్టి మొక్కకు పోయించండి. మట్టి పైపొర ఆరాకే పోయాలని చెప్పండి. పిల్లల చేతిలో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు ఎక్కువై. విత్తనం మొలిచిందా అని రోజూ తవ్వి చూసేవాళ్లూ ఉంటారు. తిట్టకండి, మరో విత్తనం ఇవ్వండి. ఒక నోటుబుక్కులో తేదీ, ఎత్తు, ఆకుల సంఖ్య రాయించండి.

అనుభవానికి విలువ

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి రైతులు మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడచెట్ల గెలలకు అద్దుతుండేవారు. ఆ పని అవసరం లేదేమోనని ఆయన అంటే వాళ్లు మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. సంగతి తెలిశాక, ఇలాంటి ప్రాపంచిక విషయాల్లో మీకే బాగా తెలుసునని ఆయన వారితో అన్నట్టు సహీహ్ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. చేతితో చేసి, కంటితో చూసి నేర్చుకున్న జ్ఞానానికి మన ధర్మం ఇచ్చిన గౌరవం ఇది. మేడ మీద ఆ అబ్బాయి చేసిందీ ఆ రైతుల పనే.

తొలికాపు ఎవరిది?

పంట కోసిన రోజే దాని హక్కు చెల్లించమనీ, దుబారా చేయవద్దనీ అదే సూరా 141వ ఆయత్ బోధిస్తుంది. కుండీలో కాసిన నాలుగు బెండకాయలకు ఉష్ర్ లెక్క ఉండదు. కానీ పిల్లలకు ఆ అలవాటు నేర్పడానికి నాలుగు కాయలు చాలు. మా బీరపాదు తొలికాయను ఆ అబ్బాయి కింది వాటాలో మంచాన ఉన్న ముసలమ్మకు ఇచ్చి వచ్చాడు. అలా ఇమ్మని నేను చెప్పలేదు, వాళ్ల అమ్మీ చెప్పింది. నేను ఆ పూట నేర్చుకున్న రెండో పాఠం అది. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని హదీసు తెలుపుతోంది. కాకి పొడిచిన టమాటా చూసి ఏడ్చే పిల్లకు ఈ మాట చెప్పండి, కళ్లు తుడుచుకుంటుంది.

పళ్లెంలో కూర వదిలేసే పిల్లలకు మనం రోజూ ఉపన్యాసం ఇస్తాం. ఒక్క బెండకాయ కోసం యాభై రోజులు ఎదురుచూసిన పిల్లవాడికి ఆ ఉపన్యాసంతో పని ఉండదు. పళ్లెంలో ఉన్నది ఎవరి కష్టమో, ఎవరి అనుగ్రహమో వాడికి తెలుసు.

ఈ ఆదివారం ఒక డబ్బా, గుప్పెడు మెంతులు మీ పిల్లల చేతికివ్వండి. బిస్మిల్లాహ్ అని వాళ్లతోనే విత్తించండి. చూసే కళ్లను, ఓర్పును, పంచుకునే మనసును అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక. ఆమీన్.