జెల్ ఎక్కడ గట్టిపడాలి?

ట్యాబ్లెట్ ఫార్ములేషన్‌లో మూడు నాలుగేళ్లు చేసి ఇంజెక్టబుల్స్ వైపు మారాలనుకునే ఎం.ఫార్మసీ వాళ్ల రెజ్యూమెల్లో ఈమధ్య ‘ఇన్ సిటు హైడ్రోజెల్’ (ఒంట్లోకి వెళ్లాక గట్టిపడే జెల్) అన్న మాట తరచుగా కనిపిస్తోంది. రాసుకోండి, తప్పులేదు. కానీ ఇంటర్వ్యూలో పాలిమర్ పేరు చెబితే సరిపోదు. ‘మీ జెల్ ఎన్ని డిగ్రీల దగ్గర గట్టిపడింది? మందు కలిపాక అది ఎంత మారింది?’ అని అడుగుతారు. ప్లాసిబో జెల్ అంకె ఒక్కటే చేతిలో ఉన్నవాళ్లు అక్కడే తడబడతారు.

పోలోక్సమర్ 407 సంగతే చూడండి. దాని 18–20 శాతం ద్రావణం ఫ్రిజ్‌లో ధారగా పారుతుంది, వెచ్చబడితే జెల్ అవుతుంది. అందుకే దాన్ని కరిగించడం కూడా చల్లటి నీళ్లలోనే. ఉప్పు కలిస్తే గట్టిపడే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది, పోలోక్సమర్ 188 కొంచెం కలిపితే పైకి పోతుంది. మందు దాన్ని ఎటు లాగుతుందో మీరే కొలిచి తెలుసుకోవాలి. కాలేజీలో టెస్ట్ ట్యూబ్ తలకిందులు చేసి చూసిన అలవాటు ఇక్కడ చాలదు. రియోమీటర్ మీద ఉష్ణోగ్రత పెంచుతూ, జీ ప్రైమ్ (గట్టిదనం), జీ డబుల్ ప్రైమ్ (పారే గుణం) గీతలు ఎక్కడ దాటుకుంటున్నాయో చూడటం నేర్చుకోండి.

ఆ అంకె ఎంత ఉండాలన్నది ల్యాబ్‌లో ఏసీ కింద కూర్చున్నవాళ్లకు తట్టదు. పాతిక డిగ్రీలకే బిగుసుకునే జెల్ మే నెలలో మన ఊళ్ల ఆసుపత్రి వార్డులో సూది దాటకముందే గడ్డకడుతుంది. పోనీ 36 దాకా పెంచుదామంటే, ఒంట్లో ద్రవాలు కలిసి పలచబడి, గట్టిపడకుండానే చెదిరిపోతుంది. నా మటుకు ముప్పైకి కాస్త పైన పెట్టుకుని, వాడేదాకా చల్లగా ఉంచమని లేబుల్ మీద గట్టిగా రాస్తాను.

లేబుల్ అంటే గుర్తొచ్చింది. అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మందుల లేబుళ్లు ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. పిల్లల చెవిలో ట్యూబులు పెట్టేటప్పుడు వాడటానికి ఓటిప్రియోకు 2015లో అనుమతి వచ్చింది. వయల్‌ను కుదిపేటప్పుడు పై అల్యూమినియం సీల్ దగ్గర పట్టుకోమంటుంది దాని లేబుల్, చేతి వేడికే గట్టిపడుతుంది కనుక. మూత్ర వ్యవస్థ పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు 2020లో వచ్చిన జెల్మిటోను మైనస్ 3 నుంచి ప్లస్ 5 డిగ్రీల మధ్య చల్లబరిచాకే క్యాథెటర్‌తో ఎక్కిస్తారు. పది రివ్యూ పేపర్లకన్నా ఈ రెండు లేబుళ్లు ఎక్కువ నేర్పుతాయి.

రెండూ ఒక చోట నిలవాల్సిన మందులే, నెలల తరబడి పనిచేసేవి కావు. వాటిలోని పోలోక్సమర్ జెల్ ఒంట్లో త్వరగానే కరిగిపోతుంది. నెలలు కావాలంటే పీఎల్‌జీఏ అనే మరో పాలిమర్ ఉంది, దాని దారి వేరు. 2002లో వచ్చిన ఎలిగార్డ్ ఆ కోవలోదే. అందులో పాలిమర్‌ను నీళ్లలో కాదు, ఎన్‌ఎంపీ అనే సాల్వెంట్‌లో కరిగిస్తారు. లోపలికి వెళ్లాక సాల్వెంట్ బయటికి జారి పాలిమర్ గడ్డకడుతుంది. దాన్ని హైడ్రోజెల్ అన్నారా, ఎదుటివాళ్లకు మీ లోతు తెలిసిపోతుంది.

ఇక స్టెరిలైజేషన్. పాలిమర్ ఎంచుకునేముందే దీని గురించి ఆలోచించాలి. పీఎల్‌జీఏ ఉన్న జెల్‌ను ఆటోక్లేవ్‌లో పెడితే పాలిమర్ గొలుసులు విరిగిపోతాయి. పోలోక్సమర్‌ను 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటించాలంటే చల్లగా ఉన్నప్పుడే వీలు, అప్పుడు కూడా చిక్కదనంతో ప్రెషర్ పెరిగి సతాయిస్తుంది. ఫిల్లింగ్ లైన్ మీద పనిచేసే వాళ్లను టీకి పిలిచి మాట్లాడండి. ఈ కష్టాలు వాళ్లకు తెలిసినంతగా ఆర్ అండ్ డీలో చాలామందికి తెలియవు.

ఎన్ఐపామ్ పాలిమర్ థీసిస్‌లకు ప్రాణం, దాదాపు 32 డిగ్రీలకు మారుతుంది కదా అని. కానీ అది ఒంట్లో విచ్ఛిన్నం కాదు. ఎఫ్‌డీఏ ఇనాక్టివ్ ఇంగ్రీడియెంట్ డేటాబేస్ తెరిచి, మీ పాలిమర్‌ను ఇంజెక్షన్ రూట్‌లో ఎవరైనా ఇంతకుముందు వాడారా, ఎంత మోతాదులో వాడారో చూసుకుని మాట్లాడండి.

ఇంటర్వ్యూ చివర్లో మీరూ ఒకటి అడగండి: రియోమీటర్ ఈ ల్యాబ్‌లోనే ఉందా, శాంపిళ్లు బయటికి పంపుతున్నారా? బయటికి పంపే చోట ప్రతి ఫలితం కోసం ఎదురుచూస్తూ ఈ పని మీద చేయి తిరగడం కష్టం. జీతం మాట్లాడుకునేముందే అది తేల్చుకోండి.