అత్తమ్మకు ఆ గోలీ వేయాలా, వద్దా?

సమస్య

డాక్టర్ మేడమ్, మాది ఇబ్రహీంపట్నం మండలం బొంగులూరు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. మాకు మిగిలిన అరెకరంలో పాలకూర, తోటకూర, కొత్తిమీర వేస్తాం. చీకటితోనే లేచి కట్టలు కట్టి సరూర్‌నగర్ రైతుబజారుకు పంపేది మా అత్తమ్మే. ఆమెకు 58 ఏళ్లు.

చిన్నప్పుడు కీళ్లనొప్పుల జ్వరం వచ్చి అత్తమ్మ గుండె కవాటం దెబ్బతిన్నదట. చాలా ఏళ్ల కింద బెలూన్ వేసి కవాటాన్ని వెడల్పు చేశారు. అప్పటినుంచి రక్తం పలచబడే ఎసిట్రోమ్ గోలీ, వారంలో 5 రోజులే వేసుకునే లానాక్సిన్, పొద్దున ఒక నీళ్ల గోలీ వాడుతోంది. ఈ మధ్య గుండె దడ ఎక్కువైంది. 'పానం గుంజుతంది బిడ్డా' అనేది. పోయిన వారం కలుపు తీస్తూ తీస్తూ కళ్లు తిరిగి మడిలోనే పడిపోయింది. సిటీలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే గుండె లయ తప్పి వేగంగా కొట్టుకుంటోందని చేర్చుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు కార్డరోన్ 200 అనే గోలీ రాశారు. మొదటి వారం రోజుకు మూడు, రెండో వారం రెండు, తర్వాత రోజుకొకటి. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. రద్దీలో మేమూ అడగలేకపోయాం.

నేను బీఎస్సీ చదివాను. డబ్బాలోని కాగితం తీసి చదివితే గుండె జారిపోయింది. ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు, లివర్ పాడవొచ్చు, థైరాయిడ్ రావొచ్చు, చూపు పోవొచ్చు, చర్మం నీలంగా మారొచ్చు అని ఉంది. మా ఆయనకు చెప్తే 'గుండెకు ఇచ్చిన మందు ఊపిరితిత్తులను తినేదైతే ఎందుకు, వద్దే వద్దు' అన్నాడు. మా ఆడబిడ్డ తెల్లమద్ది చెక్క కషాయం తాపుదామంటోంది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్ రెండు పెద్ద మందులు ఒకేసారి పడవు, కొత్తది మొదలుపెడితే ఎసిట్రోమ్ ఆపాలన్నాడు. అత్తమ్మ మాత్రం 'సదువుకున్నదానివి, నువ్వెట్లంటే అట్లనే బిడ్డా' అంటోంది. గోలీలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

మేడమ్, నేను వేయించి ఏమన్నా అయితే జీవితాంతం నన్నే అంటారు. వేయించక ఏమన్నా అయితే నన్ను నేనే అనుకుంటాను. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక కోడలు, బొంగులూరు

సలహా

అమ్మా, మీ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి రెండు మాటలు ముందే చెప్పాను. ఎసిట్రోమ్ ఆపొద్దు. కొత్త గోలీ మొదలుపెట్టాలా వద్దా అన్నది రాసిన డాక్టరుతో రేపే మాట్లాడి తేల్చుకోండి, బీరువాలో పెట్టి కాలం గడపొద్దు. కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి ఇచ్చిన మందు అది. అదే పరిస్థితిలో చాలా ఇళ్లు ఉంటాయి కాబట్టి మిగతాది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఆర్ఎంపీ గారి మాట. లయ తప్పిన గుండె పై గదుల్లో రక్తం సరిగా కదలక గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్లను ఏళ్లతరబడి గమనించిన పరిశోధకులు 1978లో చెప్పిన లెక్క ప్రకారం, ఈ రకం లయ తప్పడం వల్ల పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. దానికి కీళ్లజ్వరంతో చెడిన కవాటం తోడైతే 17 రెట్లు. మీ అత్తమ్మది ఆ రెండో కోవ. కార్డరోన్ లయను సరిచేయడానికి చూస్తుందే తప్ప గడ్డలను ఆపదు. పైగా ఆ మందుతో గుండె ఒక్కసారిగా మామూలు లయకు వచ్చే వేళ, పాత గడ్డ ఏదైనా ఉంటే కదిలి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఎసిట్రోమ్ ఉండి తీరాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష 2కీ 3కీ మధ్య కొన్ని వారాలుగా నిలకడగా ఉందా అని కూడా డాక్టరు చూడాలి. 'ఖరీదైన కొత్త మందులకు మారితే ఈ రక్తపరీక్షల గొడవ ఉండదు' అని ఎవరైనా అనొచ్చు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో, కీళ్లజ్వరం కవాటాలున్నవాళ్లకు ఆ కొత్త రకం మందు కంటే ఎసిట్రోమ్ లాంటి పాత రకమే మేలని తేలింది.

అయితే ఆర్ఎంపీ గారి మాటలో ఒక పాలు నిజం ఉంది. ఈ రెండు మందులూ కలిసినప్పుడు ఎసిట్రోమ్ బలం పెరుగుతుంది. దాన్ని శరీరం విరగ్గొట్టే దారిని కార్డరోన్ అడ్డుకుంటుంది. మొదటి రోజుల్లో ఏమీ తెలియదు, వారాలు గడిచేకొద్దీ రక్తం మరీ పలచబడుతూ పోతుంది. అందుకే ఎసిట్రోమ్ మోతాదును డాక్టర్లు తరచుగా మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తారు, మొదటి రెండు నెలలు దాదాపు ప్రతి వారం ఐఎన్ఆర్ చూస్తారు. లానాక్సిన్‌ది కూడా ఇదే కథ. కార్డరోన్ మొదలుపెడితే దాన్ని సాధారణంగా సగం చేస్తారు, లేదా ఆపేస్తారు. ఇక ఆ నీళ్ల గోలీతో ఒంట్లో పొటాషియం తగ్గితే కార్డరోన్ వాడేవాళ్ల గుండె లయ మరోరకంగా, మరింత ప్రమాదకరంగా చెడొచ్చు. మీ చీటీలో ఈ మూడు మందుల మోతాదులు ఏమైనా మార్చారా? మార్చకపోతే డాక్టరును అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న అదే. డబ్బాలోని కాగితం చూసి మీరు భయపడ్డ ఊపిరితిత్తుల కంటే ముందు, మొదటి నెలలో నన్ను భయపెట్టేది ఇదే.

ఇప్పుడు ఆ మందు సంగతి. దాని అసలు పేరు అమియోడరోన్. మీ ఆడబిడ్డతో ఒక మాట చెప్పండి, ఈ గోలీ మూలం కూడా ఒక మొక్కే. ఈజిప్టులో మూత్రంలో రాళ్లకు వాడే ఖెల్లా అనే మొక్క ఒకటుంది, మన వాము, జీలకర్ర, కొత్తిమీరల కుటుంబానిదే. దాని గింజల్లోని పదార్థాన్ని ఆధారం చేసుకుని 1961లో బెల్జియంలో ఈ మందును తయారుచేశారు, అదీ గుండెనొప్పి కోసం. ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు బ్రమా సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తూ, ఇది గుండె లయను కూడా నిలబెడుతుందని 1970లో చూపించాడు. మొక్కలోంచి వచ్చినంత మాత్రాన మందు మెత్తబడదు. తెల్లమద్ది కషాయం కూడా డాక్టరుకు చెప్పకుండా వద్దు. ఎసిట్రోమ్ వాడే మనిషికి ఏ కషాయమైనా లెక్కలోకి వస్తుంది.

దీన్నే ఎందుకు రాశారంటారా? లయ సరిచేసే మందులు మరికొన్ని ఉన్నాయి, కానీ లోపల దెబ్బతిన్న గుండెకు వాటిలో కొన్ని పనికిరావు. 1989లో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్లకు అలాంటి మందులిచ్చి చూస్తే, ఉత్తుత్తి గోలీలు వేసుకున్నవాళ్ల కంటే మందు వేసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. అమియోడరోన్‌ను అలాంటి గుండెలు కూడా తట్టుకుంటాయి, అది పనీ చేస్తుంది. 2000లో కెనడా అధ్యయనంలో 403 మందిని సగటున 16 నెలలు చూస్తే, మిగతా మందులు వాడినవాళ్లలో నూటికి 63 మందికి లయ మళ్లీ తప్పింది, ఇది వాడినవాళ్లలో 35 మందికే. అదే అధ్యయనంలో దుష్ఫలితాల వల్ల దీన్ని మానేసినవాళ్లు నూటికి 18 మంది. అంటే మీ ఆయన భయం గాలిలోంచి పుట్టింది కాదు.

మొదట రోజుకు మూడేసి ఎందుకంటే, ఈ మందు రక్తంలో నిలవదు, కొవ్వులోకీ కాలేయంలోకీ ఊపిరితిత్తుల్లోకీ ఇంకిపోతుంది. కొత్త కుండ నీళ్లు పోయగానే ముందు తాను పీల్చుకున్నట్టు, శరీరం ముందు తన వంతు పీల్చుకుంటుంది. తర్వాతే గుండెకు సరిపడా మిగులుతుంది. మానేసినా కొన్ని వారాల నుంచి నెలల దాకా ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి ఒక పూట మరిచిపోతే కంగారుపడి రెండు కలిపి వేయొద్దు. ఇబ్బంది వచ్చి ఆపితే మర్నాడే తగ్గిపోతుందని అనుకోవద్దు.

ఒక 200 మిల్లీగ్రాముల గోలీలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. గోలీలోని అయోడిన్‌లో కొంత భాగమే విడుదలైనా, అది అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. థైరాయిడ్ తగ్గడమో పెరగడమో అందుకే జరుగుతుంది. తగ్గితే మాత్రలతో సర్దుకోవచ్చు. పెరిగితే మళ్లీ దడ వస్తుంది, బరువు తగ్గుతుంది, అప్పుడు 'మందు పనిచేయడం లేదు' అనుకుని పొరపడతాం. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ప్రతి 6 నెలలకు థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ఇవి ఉచితంగా చేస్తారు. ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో అడగండి. ముందుగానే ఒక ఈసీజీ, ఒక ఛాతీ ఎక్స్-రే తీయించి దాచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఆ పాత ఎక్స్-రే బంగారంతో సమానం.

ఊపిరితిత్తుల సంగతి దాచను. రోజుకొక గోలీ మోతాదులో నూటికి ఒకరిద్దరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మోతాదూ కాలమూ పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పొడిదగ్గు, నడిస్తే ఆయాసం, సన్నని జ్వరంతో మొదలవుతుంది. మన దగ్గర చిక్కేమిటంటే, దగ్గంటే చలికాలమనో పొలంలో దుమ్మనో అనుకుంటాం. ఎక్స్-రేలో మచ్చలు కనిపిస్తే టీబీ అనుకునే అవకాశమూ ఉంది. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట 'ఈమె కార్డరోన్ వాడుతోంది' అని. ఆ మాటే ఊళ్లో ఆర్ఎంపీ గారికీ చెప్పిపెట్టండి. దగ్గుకు అజిత్రోమైసిన్, విరేచనాలకు ఆఫ్లాక్సాసిన్ అలవాటుగా ఇచ్చేస్తుంటారు. అవి దీనితో కలిస్తే గుండె లయకు ప్రమాదం. ఒళ్లునొప్పుల సూదులూ గోలీలూ ఎసిట్రోమ్ మీద పడితే కడుపులో రక్తస్రావం.

కళ్ల విషయంలో కాగితం భయపెట్టినంత లేదు. కంటి పైపొర మీద సన్నని పొడలాంటిది దాదాపు అందరికీ చేరుతుంది. కొద్దిమందికి దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మందు ఆపితే పోతుంది. చూపు ఉన్నట్టుండి మసకబారితే మాత్రం అదేరోజు చూపించాలి, అది అరుదు.

ఎండ మాత్రం మీ అత్తమ్మకు అసలైన సమస్య. ఈ మందు వాడేవాళ్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. నీలంగా మారడం ఏళ్లతరబడి వాడిన కొందరిలోనే. నిండు చేతుల జాకెట్టు, తలమీంచి కొంగు, పది దాటాక మడిలోకి దిగకపోవడం. ఆకుకూరలు పండించే ఇల్లు కాబట్టి ఇంకొకటి. పాలకూర, తోటకూర ఎసిట్రోమ్ బలాన్ని తగ్గిస్తాయి. మానేయక్కర్లేదు, వారం వారం ఒకే కొలతలో తినాలి, అమ్ముడుపోక మిగిలిన రోజు మూడు కట్టలు వండుకోవడం కుదరదు. పంపరపనస పండు మాత్రం వద్దు.

డాక్టరు దగ్గర ఇంకో మాట అడగండి. ఈ గోలీ ఎన్నాళ్లు? కొన్ని నెలలు వాడి లయ కుదురుకున్నాక ఆపుతారా, ఎప్పటికీనా? లయ ఎలా ఉన్నా వదిలేసి వేగాన్ని మాత్రమే అదుపు చేసే దారి ఈమెకు చాలదా? 2002లో వచ్చిన అఫర్మ్ అధ్యయనంలో 4,060 మందిని చూస్తే, లయను సరిచేసినవాళ్లు వేగం మాత్రమే తగ్గించినవాళ్ల కంటే ఎక్కువకాలం ఏమీ బతకలేదు. వాళ్లలో చాలామంది మీ అత్తమ్మలాంటి కవాటాలున్నవాళ్లు కారు, కాబట్టి జవాబు ఆమె గుండె స్కాన్ చూసినవాళ్లే చెప్పాలి. అడిగితే కోప్పడే డాక్టరైతే మరొక గుండె డాక్టరును చూడండి, హైదరాబాద్‌లోని నిమ్స్ మీకు దూరం కాదు.

ఇక మీ నిద్ర సంగతి. ఈ నిర్ణయం మీది కాదమ్మా, మోయకండి. అత్తమ్మ 'నువ్వెట్లంటే అట్లనే' అన్నది ప్రేమతోనే అయినా, ఒళ్లు ఆమెది. ఇన్నేళ్లు వారంలో ఏ రోజు ఏ గోలీ మానాలో తప్పకుండా గుర్తుపెట్టుకున్న మనిషికి, ఇదేమిటో చెప్తే అర్థంకాకపోదు. డాక్టరు దగ్గరికి మీరిద్దరే వెళ్లొద్దు. మీ ఆయన రావాలి, ఆడబిడ్డా రావాలి, అత్తమ్మ ఎదుటనే డాక్టరు చెప్పాలి, అవునో కాదో ఆమె నోటితోనే రావాలి. అప్పుడు రేపు ఏం జరిగినా మిమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు ఉండరు. మీ చదువు వేరే పనికి వస్తుంది. ఒక నోటుబుక్కులో తేదీ, నాడి, ఐఎన్ఆర్, ఎసిట్రోమ్ ఎంత వేశారో రాస్తూ పోండి. నాడి నిమిషం నిండా లెక్కపెట్టాలి. 50కి తగ్గితే ఆ పూట గోలీ వేసేముందు డాక్టరుకు ఫోన్ చేయండి. మళ్లీ కళ్లు తిరిగి పడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, మలం నల్లగా తారులా వచ్చినా 108కి ఫోన్ చేసి, బండి ఎక్కేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.