రసాయన శాస్త్ర పరిశోధన పత్రం ఏ జర్నల్‌కు పంపాలి?

జర్నల్ ఎంపికలో ముందు చూడాల్సింది ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాదు, ఆ పని ఎవరికి అక్కరకొస్తుందన్నది. కొత్త సంశ్లేషణ పద్ధతిని క్లుప్తంగా చెప్పడానికి ఆర్గానిక్ లెటర్స్, ప్రయోగ వివరాలన్నీ విస్తరించి రాయడానికి 1936లో మొదలైన జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ తగినవి. 1879 నాటి జర్నల్ ఆఫ్ ది అమెరికన్ కెమికల్ సొసైటీ మాత్రం ఇతర శాఖలవారికీ ఆసక్తి కలిగించే ఫలితాలే కోరుతుంది. అక్కడ చాలా పత్రాలు సమీక్షకుల దాకా వెళ్లకుండా సంపాదకుల దగ్గరే ఆగిపోతాయి. అలా పోయే వారాలు పరిశోధక విద్యార్థికి చిన్న విషయం కాదు.

ఖర్చు విషయానికొస్తే, బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ రచయితల దగ్గరా పాఠకుల దగ్గరా రుసుము తీసుకోదు. పొగుడుతూ ఈమెయిల్ పంపి, వారంలో అచ్చు వేస్తామని డబ్బడిగే జర్నళ్లను పక్కన పెట్టడమే మేలు. 2017లో మొదలైన కెమ్‌ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ వేదికలో పత్రాన్ని ముందే ఉంచవచ్చు, ఎంచుకున్న జర్నల్ ఒప్పుకుంటే. పేటెంటు ఆలోచన ఉంటే దరఖాస్తు చేశాకే ఇవన్నీ.