పికప్పు బండికి ఏ ఆయిల్? ఏ ఫిల్టర్?
(సందేహాలు – సమాధానాలు)

సరుకు తోలే పికప్పు బళ్ల ఓనర్లు, డ్రైవర్లు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలు నాలుగైదు వస్తే వాటిని కలిపి ఒకటే చేశాం.

ప్రశ్న: గుంటూరు యార్డుకు మిర్చి తోలే బీఎస్6 డీజిల్ పికప్పు నాది. వారంటీ అయిపోయాక షోరూముకు వెళ్లడం మానేశాను. మా మేస్త్రి తన దగ్గరికి వచ్చే పాత బళ్లకు పోసే ఆయిలే దీనికీ పోశాడు. నాలుగు నెలలకు డీపీఎఫ్ లైటు వెలిగింది, బండి లాగడం లేదు. ఆయిల్‌కీ ఆ లైటుకీ ఏం సంబంధం అంటాడు మేస్త్రి. నిజమేనా?
– ఓ పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీ మేస్త్రి మాట సగం నిజం. నాలుగు నెలలకే లైటు వెలిగిందంటే అందుకు ఎక్కువగా మసే కారణమై ఉంటుంది. డీపీఎఫ్ అనేది సైలెన్సర్ దారిలో ఉండే వడపోత పెట్టె. ఇంజిన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది. మసి బాగా పేరుకున్నాక ఇంజిన్ కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మించి, పెట్టె లోపలి వేడిని 600 డిగ్రీల వరకూ పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. పని సగంలో ఉండగా ఇంజిన్ ఆపేస్తే మసి అలాగే మిగిలిపోతుంది. సీజన్లో యార్డు గేటు దగ్గర గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, గజం గజం కదిలే బళ్లకు ఈ బాధ తప్పదు. ముందు హైవే ఎక్కి, ఒకే వేగంతో ఓ ఇరవై నిమిషాలు తోలి చూడండి. లైటు ఆరకపోతే స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లి రీజనరేషన్ చేయించండి. లైటు వెలుగుతుండగానే లోడు మీద లోడు వేస్తూ పోతే మాత్రం ఖర్చు వేలల్లోంచి లక్షకు చేరుతుంది.

ఇక మేస్త్రి పట్టించుకోని రెండో సగం. ఏ ఇంజిన్లోనైనా ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్లో కాలిపోతూనే ఉంటుంది. ఆయిల్లో కలిపే కాల్షియం, జింక్ లాంటి పదార్థాలు కాలితే బూడిదే మిగులుతుంది. మసిని రీజనరేషన్ కాల్చేస్తుంది కానీ బూడిదను కాల్చలేదు. అది డీపీఎఫ్ సన్న రంధ్రాల్లో చేరి గట్టిపడుతుంది. ఆ తర్వాత పెట్టెను విప్పి శుభ్రం చేయించాలి, లేదంటే కొత్తది వేయించాలి. ఆ నష్టం నాలుగు నెలల్లో కనపడదు, ఏడాది రెండేళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఏ ఆయిల్ పోశారో ఎవరికీ గుర్తుండదు.

అందుకే డీపీఎఫ్ ఉన్న ఇంజిన్ల కోసం తక్కువ బూడిద వచ్చే ఆయిల్ తయారు చేస్తారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే డబ్బా మీద ఏపీఐ అని కనిపించే సంస్థ, 2006లో సీజే-4, 2016 డిసెంబరులో సీకే-4 ప్రమాణాలు తెచ్చింది. ఈ రెండింట్లోనూ సల్ఫేటెడ్ యాష్ 1 శాతం దాటకూడదు. మన దగ్గర బీఎస్6 దేశమంతటా అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న. డీజిల్లో గంధకాన్ని పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గించింది కూడా ఈ పెట్టె పాడవకూడదనే. ఇంత చేశాక 1990 నాటి సీఎఫ్-4 ఆయిల్ పోస్తే ఏం లాభం? ఆ రకాన్ని ఏపీఐ ఎప్పుడో పక్కన పెట్టేసింది. పల్లె దుకాణాల్లో ఇప్పటికీ అమ్ముడవుతోంది.

మీ బండి మాన్యువల్లో సీకే-4 ఉందో, యూరప్ ప్రమాణమైన ఏసీఈఏ సీ3 ఉందో, కంపెనీ సొంత నంబరు ఉందో చూడండి. ఆ మాట డబ్బా వెనక చిన్న అక్షరాల్లో కనిపిస్తేనే కొనండి. డబ్బా ముందు ఏ బొమ్మ ఉన్నా మీకు అనవసరం. సీకే-4ను చాలావరకు పాత బీఎస్3, బీఎస్4 బళ్లకూ పోయొచ్చు, కాబట్టి రెండు రకాల బళ్లూ ఉన్న ఓనర్లు ఒకే డ్రమ్ము తెచ్చుకోవచ్చు. పాత బండి ఆయిల్‌ను కొత్త బండికి మాత్రం పోయకూడదు. ఎఫ్ఏ-4 అని రాసి ఉన్నది వేరే రకం ఇంజిన్ల కోసం తయారుచేసిన పల్చటి ఆయిల్. మాన్యువల్ పేరు పెట్టి అడిగితే తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఎండాకాలం మా దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది. కంపెనీ 15డబ్ల్యూ-40 అంటోంది. ఎండకు ఆయిల్ నీళ్లైపోతుంది, 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్‌కు బలం అంటున్నారు తోటి డ్రైవర్లు.
– రామగుండం

జవాబు: ఎండ వేడి ఇంజిన్ ఆయిల్ దాకా చేరేది చాలా తక్కువ. రేడియేటర్, థర్మోస్టాట్ సరిగా పనిచేస్తుంటే జనవరిలోనైనా మే నెలలోనైనా ఆయిల్ వేడి దాదాపు 90 నుంచి 110 డిగ్రీల మధ్యే ఉంటుంది. 40 అన్న అంకె ఆ వేడి దగ్గరి చిక్కదనాన్నే చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉంటే 40, ఆపైన 21.9 లోపు ఉంటే 50. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో స్టార్టయ్యే గుణాన్ని చెబుతుంది. 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టే రోజున కూడా మీ బండికి అది సరిపోతుంది. కాబట్టి చలి పేరు చెప్పి ఎవరైనా ఖరీదైన 0డబ్ల్యూ అంటగట్టబోతే వద్దనండి, మాన్యువల్ అడిగితే తప్ప.

అవసరానికి మించి చిక్కగా ఉంటే ఆయిల్ పొద్దున స్టార్ట్ చేయగానే టర్బో దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. ఇంజిన్ అరుగుదలకు ఆ మొదటి క్షణాలే కీలకం. దానికితోడు మైలేజీ కూడా కాస్త పడిపోతుంది. ఇంజిన్ బోరుకొచ్చి ఆయిల్ తాగుతున్న పాత బండికి 20డబ్ల్యూ-50 పోసి ఇంకో ఆరు నెలలు నెట్టుకొచ్చేవాళ్లున్నారు. దానివల్ల పని వాయిదా పడుతుందే గానీ జబ్బు నయం కాదు. ఎండల్లో మీ బండి ఆయిల్ నిజంగా పల్చబడుతుంటే రేడియేటర్ కడిగించి చాలాకాలమై ఉంటుంది, లేదా టన్నున్నర బండిపై మూడు టన్నులు ఎక్కిస్తూ ఉంటారు.

ప్రశ్న: టమాటా లోడుతో రాత్రంతా తిరిగే బండి. కంపెనీ ఆయిల్ ఫిల్టర్ ధరలో సగానికే బయట దొరుకుతోంది. రెండింటికీ తేడా ఏమిటి? ఫిల్టర్‌ను రెండు ఆయిల్ మార్పులకు ఒకసారి మారిస్తే చాలంటున్నారు.
– మదనపల్లె

జవాబు: ఆయిల్‌కు వేలు ఖర్చుపెట్టి ఫిల్టర్ దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడం మన షెడ్లలో పాత అలవాటు. తేడా తెలియాలంటే వాడి పారేసిన ఫిల్టర్లు రెండు, ఒకటి కంపెనీది ఒకటి చౌకది, రంపపు బ్లేడుతో కోసి పక్కపక్కన పెట్టండి. మంచి దాంట్లో కాగితం మడతలు సమానంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. రెండు చివరలా మూతలకు గట్టిగా అతికి ఉంటాయి. చౌక దాంట్లో మడతలు తక్కువ, ఒకచోట గుంపుగా మరోచోట ఎడంగా ఉంటాయి. జిగురు పట్టని చోట కాగితానికీ మూతకీ మధ్య సందు కనిపిస్తుంది. ఆయిల్ ఆ సందులోంచే పోతుంది, కాగితం గుండా పోదు.

కాగితంతో పాటు లోపల రెండు వాల్వులు కూడా చూడాలి. ఒకటి రబ్బరు పొర. ఇంజిన్ ఆపాక ఫిల్టర్లో ఉన్న ఆయిల్ కిందికి జారిపోకుండా ఆపేది అదే. నాసిరకం రబ్బరు వేడికి గట్టిపడిపోతుంది. అప్పుడు తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు వస్తుంది. రెండోది బైపాస్ వాల్వు. చాలా బళ్లలో ఫిల్టర్ లోపలే ఉంటుంది, కొన్నింట్లో ఇంజిన్ మీద ఉంటుంది. కాగితం మూసుకుపోయి రెండువైపులా ఒత్తిడి తేడా ఒకటి రెండు బార్లకు చేరితే ఇది తెరుచుకుంటుంది. ఆయిల్ అందక ఇంజిన్ పట్టేయడం కన్నా మురికి ఆయిల్ అందినా నయమని అలా ఏర్పాటు చేశారు. ఫిల్టర్‌ను రెండో విడతకు కూడా ఉంచేస్తే కొత్త ఆయిల్ వడకట్టకుండానే తిరిగే అవకాశం ఎక్కువ. ఆ వాల్వు తెరుచుకున్నట్టు డ్యాష్‌బోర్డు మీద లైటేమీ వెలగదు. కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాల్సిందే, దీంట్లో బేరం లేదు.

కంపెనీ డబ్బాలోదే కొనాలన్న పట్టుదల అక్కర్లేదు. కార్ల కంపెనీలకు ఫిల్టర్లు తయారుచేసి ఇచ్చే సంస్థలే తమ సొంత పేరుతో కూడా అమ్ముతాయి, అవి కాస్త చవక. మీ ఇంజిన్‌కు సరిపడే పార్టు నంబరు వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకుని తీసుకోండి. మర సరిపోయినంత మాత్రాన చాలదు. లోపలి బైపాస్ వాల్వు వేరే ఒత్తిడికి తెరుచుకునేది కావచ్చు.

బిగించేటప్పుడు చాలామంది పొరపడేది ఒకటుంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు వాషర్ ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగిస్తే రెండు వాషర్లవుతాయి. షెడ్డులో కారదు. రోడ్డెక్కి ఆయిల్ ప్రెషర్ పెరిగాక ఒక్కసారిగా చిమ్మి ఆయిలంతా పోతుంది. విప్పగానే పాత వాషర్ ఫిల్టర్‌తో పాటు వచ్చిందో లేదో వేలితో తడిమి చూడమనండి. కొత్త వాషర్‌కు కాస్త ఆయిల్ రాసి, తగిలేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. చెయిన్ పానా బిగించడానికి కాదు, విప్పడానికి.

ప్రశ్న: రొయ్యల చెరువుల చుట్టూ ఐస్, మేత తోలే బండి. అందరి బళ్లలో ఆయిల్ తగ్గుతుంటే నా బండిలో మాత్రం గేజి మీద మట్టం పెరుగుతోంది. ఇంజిన్ అంత బాగుందా?
– భీమవరం

జవాబు: సంతోషించకండి. పెరిగింది ఆయిల్ కాదు, దాంట్లో కలిసిన డీజిల్. నరసరావుపేట ఉత్తరంలో చెప్పిన రీజనరేషన్ కోసం చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింది సంపులోకి చేరుతుంది. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగే బండిలో రీజనరేషన్ మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ కొంత డీజిల్ కిందికి పోతుంది. గేజి పుల్లను వాసన చూడండి, డీజిల్ కంపు కొడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే జిగురు ఉండదు. మట్టం పైగీత దాటితే కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. ఆ తర్వాత కూడా పెరుగుతుంటే ఇంజెక్టర్లు చూపించండి. ఆయిల్ పాల కాఫీ రంగులోకి మారితే మాత్రం వ్యవహారం వేరు. కూలెంట్ కలుస్తోందన్నమాట. హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా బండిని తోయించుకుని పోండి.

ప్రశ్న: కొత్త ఆయిల్ పోసిన రెండో రోజుకే నల్లబడింది. నకిలీదేనా?
– తాండూరు

జవాబు: డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లబడటం మామూలే. మసిని గోడలకు అంటనీయకుండా తనలో కలుపుకోవడం దాని పని. రంగు చూసి ఆయిల్ మార్చకండి. మీ ఊరి నాపరాతి గనుల దుమ్ములో తిరిగే బండికి అసలు శత్రువు ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికొచ్చే రాతి పొడి. మాన్యువల్లో రాసే కిలోమీటర్ల గడువు మామూలు వాడకానికి. దుమ్ము, ఓవర్‌లోడు, గంటల తరబడి ఐడ్లింగ్ ఉన్న బండికి అదే పుస్తకంలో వేరే, తక్కువ గడువు ఉంటుంది. మీది ఆ రెండో లెక్క.

ప్రశ్న: ఇక్కడ నాకు షెవర్లే సిల్వరాడో పికప్పు ఉంది. దీనికి ఇన్నాళ్లూ 0డబ్ల్యూ-20 పోశాం. ఇప్పుడు 0డబ్ల్యూ-40 పోయాలంటున్నారు. అయితే చిక్కటి ఆయిలే మంచిదన్న మా నాన్న మాటే నెగ్గినట్టా?
– ఓ తెలుగు పాఠకుడు, టెక్సాస్

జవాబు: నాన్నగారు పూర్తిగా నెగ్గలేదు. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు 6 లక్షల బళ్లను వెనక్కి పిలిపించింది. 2021 నుంచి 2024 మోడళ్లలో 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్నవే ఇవి. కనెక్టింగ్ రాడ్, క్రాంక్‌షాఫ్ట్ తయారీలో లోపాల వల్ల ఇంజిన్లు దెబ్బతింటున్నాయన్నది కారణం. డీలరు పరీక్షలో లోపం తేలితే ఇంజిన్ బాగుచేస్తారు లేదా మారుస్తారు. తేలకపోతే 0డబ్ల్యూ-40 ఆయిల్, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ మూత ఇస్తారు. తయారీ తేడాకు కాస్త మందమైన ఆయిల్ పొరతో రక్షణ కల్పించడం అది. మీ బండిలో ఉన్నది 5.3 లీటర్ల ఇంజిన్ అయితే ఈ మార్పు మీకు వర్తించదు, 0డబ్ల్యూ-20 మీదే ఉండండి. ఛాసిస్ నంబరుతో అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో వెతికితే మీ బండి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. బయటి కంపెనీ ఫిల్టర్ వేసినంత మాత్రాన వారంటీ పోదు. 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టం మీ పక్షానే ఉంది. రసీదులు మాత్రం దాచుకోండి.

ప్రశ్న: సీలు ఉన్న డబ్బాలో కూడా నకిలీ ఆయిల్ వస్తోందంటున్నారు. ఎలా గుర్తుపట్టాలి? పాత ఆయిల్‌ను దూలాలకు, కంచె గుంజలకు చెద పట్టకుండా పూయొచ్చా?
– నల్లగొండ

జవాబు: చూసి, వాసన పట్టి నకిలీని కనిపెట్టడం అనుభవం ఉన్న మేస్త్రికీ కష్టమే. కొనే చోటును బట్టే కొంత భరోసా. పెట్రోలు బంకు, కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొనండి. మూత కింద రేకు సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేయండి. లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు.

ఇక పాత ఆయిల్. దీంట్లో లోహపు పొడి, క్యాన్సర్ కారక పదార్థాలు ఉంటాయి. గుంజకు పూస్తే వానకు కరిగి చేలోకి, బావిలోకి చేరతాయి. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. మీ షెడ్డు డ్రమ్ములో పోయించి, ఆ డ్రమ్ము ఎవరికి పోతోందో ఒకసారి అడగండి. నకిలీ సరుకుకు కావలసింది మీరు వదిలేసిన అసలు డబ్బాలే. అందుకని ఆయిల్ పోయించాక ఖాళీ డబ్బాకు మేకుతో రెండు చిల్లులు కొట్టించి, లేబుల్ చింపించాకే బండి స్టార్ట్ చేయండి.