వీధిచెట్టు ఎవరిది?

విజయవాడ నడుమ ఏలూరు, రైవసు, బందరు కాలువలు పారుచున్నవి. ఇంత నీరున్నను వైశాఖ జ్యేష్ఠములందు బందరు రోడ్డున నడచువానికి చెట్టునీడయే శరణ్యము. ఈ సంగతి పూర్వులెఱిగినదే. మనుష్యులకును పశువులకును నీడనిచ్చుటకై బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించితినని అశోకుడు తన శాసనములో చెప్పుకొనెను.

ఇంటిముందు వీధిలో మొక్క నాటి, నీరుపోసి పెంచినవాడు అది తనదే యనుకొనును. అంగడి పేరు కనబడుటలేదని వర్తకుడు, తీగలకు తగులుచున్నదని విద్యుత్తు శాఖవారు దానివంక చూతురు. వీనిలో తీగలమాట మాత్రము వినదగినదే. కాని వీధి నగరపాలక సంస్థ అధీనములోనిది. అందలి చెట్టును ఎవరును తమంతట తాము కొట్టివేయరాదు. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము నియమితాధికారి అనుమతి ముందుగా పొందవలెను. కొట్టిన చెట్టుకు మారుగా మొక్కలు నాటవలెను. ఆ మొక్క నీడనిచ్చుటకు ఏండ్లు పట్టును. ఱంపమునకు ఒక్కపూట చాలును. అనుమతి ముందుగానే ఉండవలెననుట అందువలననే.